అదిండా పేరు పొట్లం మీద ఎందుకు లేదు?

ప్రపంచంలో 'న్యాయమైన కాఫీ' అన్న ముద్రకు మొదట పెట్టిన పేరు ఒక నవలా నాయకుడిది. మెక్సికోలోని ఓహాకా కొండల్లో ఆదివాసీ రైతుల సహకార సంఘం పండించిన కాఫీని దళారుల ప్రమేయం లేకుండా, మెరుగైన ధరకు కొని 1988లో నెదర్లాండ్స్‌లో అమ్మడం మొదలుపెట్టారు. ఆ పొట్లాల మీద వేసిన ముద్ర 'మాక్స్ హావెలార్'. అది 1860లో వచ్చిన డచ్చి నవల పేరు. రాసింది ఎడ్వర్డ్ డౌవెస్ డెకర్. ఆయన జావాలో డచ్చి ప్రభుత్వ ఉద్యోగి. లెబాక్ ప్రాంతంలో స్థానిక పాలకుడు రైతుల్ని దోచుకుంటున్నాడని ఫిర్యాదు చేసి, పైవాళ్ళు పట్టించుకోకపోవడంతో 1856లో ఉద్యోగం వదిలేశాడు. 'ముల్తాతులి' అన్న కలం పేరుతో ఆ అనుభవాన్ని నవలగా రాశాడు. హావెలార్ ఆయన తనని తాను చూసుకున్న పాత్ర. రైతుల పక్షాన నిలబడిన మంచి దొర.

ఆ నవల గొప్పదనాన్ని తక్కువ చెయ్యలేం. జావా గ్రామాలు తమ భూమిలో అయిదో వంతును కాఫీ, చెరకు, నీలి వంటి ఎగుమతి పంటలకు కేటాయించాలని 1830 నుంచి డచ్చి ప్రభుత్వం విధించిన పద్ధతిని అది యూరప్ ఎదుట బోనులో నిలబెట్టింది. ఇండోనేషియా రచయిత ప్రమోద్య అనంత తుర్ 1999లో రాసిన వ్యాసంలో దాన్ని వలసవాదాన్ని చంపిన పుస్తకంగా అభివర్ణించాడు. అయితే ఆ నవలలో గుండెని పట్టుకునే భాగం హావెలార్‌ది కాదు. సైజా, అదిండా అనే ఇద్దరు పల్లె యువతీ యువకులది.

సైజా కుటుంబానికున్న దున్నల్ని పాలకుడి మనుషులు ఒకదాని తర్వాత ఒకటి లాక్కుపోతారు. మళ్ళీ దున్నల్ని కొనేంత సంపాదించుకొస్తానని అతను మూడేళ్ళ కోసం పట్నం వెళతాడు. అదిండా వడ్లు దంచే రోలు మీద నెలపొడుపుకో గీత గీస్తూ ఎదురుచూస్తుంటుంది. ముప్పై ఆరు గీతలు నిండకముందే ఆమె కుటుంబం కూడా బాకీలకు తాళలేక సముద్రం దాటి పారిపోతుంది. సైజా వెతుక్కుంటూ వెళ్ళేసరికి డచ్చి సైన్యం తగలబెట్టిన ఊళ్ళో అదిండా శవమై కనిపిస్తుంది. ఆమె దేహం మీద సైనికులు చేసిన అకృత్యం గుర్తులు కనిపిస్తాయి.

ఆ నవల మొత్తంలో చాలామంది రాస్తారు. కాఫీ వ్యాపారి రాస్తాడు, అధికారి రాస్తాడు, చివరికి రచయితే అందర్నీ పక్కకు నెట్టి కలం తీసుకుంటాడు. అదిండా రాసింది రోలు మీది గీతలే. నూట ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ నవల నుంచి ఒక పేరు తీసి కాఫీ పొట్లం మీద వెయ్యాల్సి వచ్చినప్పుడు, దొర పేరే కనిపించింది. వ్యాపారానికి తెలిసిన పేరు కావాలి, అది నిజమే. కానీ 'మంచి కాఫీ' కథ ఎప్పుడు చెప్పినా ఎవరు నాయకుడవుతారో, ఎవరు నేపథ్యమవుతారో ఆ ఎంపికలోనే ఉంది. మన దగ్గరి కాఫీ పొట్లాన్ని కూడా ఒక వాచకంగా చదివితే ఇదే అమరిక కనిపిస్తుందని నా అభిప్రాయం.

మన దగ్గరి కాఫీ అంటే అరకు కాఫీ. నేనుండే తిరుమలాయపాలెంలో కాఫీ మొక్క ఉండదు. ఇక్కడ పత్తి, మిరప. అయినా అరకు పొట్లం ఇప్పుడు సాహిత్య సభల్లో ఇచ్చే కానుకల సంచీలోకి, యూనివర్సిటీ సెమినార్ల టీ విరామంలోకి, మన వంటిళ్ళలోకి వచ్చేసింది. సేంద్రియం, నీడలో పండింది, గిరిజన రైతులకు మేలు చేసేది. వీటిలో ఏదో ఒక మాట లేకుండా ఆ పొట్లం ఉండదు. విమల 'వంటిల్లు' వచ్చినప్పటి నుంచీ వంటింటిని రాజకీయంగా చదవడం మనకి అలవాటే. గిన్నెల్ని, పొయ్యిని, కాఫీ కప్పు అందించే చేతిని చదివాం. కప్పులోకి వచ్చిన గింజని, దాన్ని కోసిన చేతిని మాత్రం పొట్లం చెప్పినట్టే నమ్మేస్తున్నాం.

ముందు ఆ పొట్లం చెప్పే నిజాల్ని ఒప్పుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో కాఫీ 1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదలైందని చెబుతారు. తెచ్చింది ఆంగ్లేయుడు. 1960ల్లో అటవీశాఖ విశాఖ మన్యంలో తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళాయి. ఆ తోటల్లో ఆదివాసీలు కూలీలు. పోడు మాన్పించే ఉద్దేశంతో ఐటిడిఎ, కాఫీ బోర్డు కలిసి ఆదివాసీల సొంత భూముల్లో కాఫీ వేయించడంతో పరిస్థితి మారింది. కూలీ రైతయ్యాడు. ఇవాళ పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో లక్షకు పైగా ఆదివాసీ కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. సంతలో షావుకారు చెప్పిందే ధర అయిన రోజుల నుంచి, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఒకవైపు, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో నిలబడిన చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం మరొకవైపు కొనుగోలుకు దిగే రోజులొచ్చాయి. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాళ్ళు పెట్టారు. తూకంలో మోసపోయిన కొండ మనిషికి మంచి ధర రావడం చిన్న విషయం కాదు. దాన్ని తీసిపారేసే విమర్శ సోమరి విమర్శ.

ఇక ఆ కథ వ్యాకరణం చూద్దాం. ఇలాంటి పొట్లాల మీద, ప్రచార చిత్రాల్లో తరచుగా కనిపించే బొమ్మ ఒక ఆదివాసీ స్త్రీది. ముక్కుకి పోగులు, చేతిలో ఎర్రని కాఫీ పండ్ల బుట్ట, ముఖంలో నవ్వు. పక్కనే ఉండే వాక్యాల్లో క్రియ ఎప్పుడూ ఒకటే: సాధికారత కల్పించడం, జీవితాలు మార్చడం, వెలుగు నింపడం. ఆ క్రియకి కర్త సంస్థ, లేదా కొనే మనం. కర్మ ఆమె. వ్యవసాయం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కర్త 'రైతు' అవుతాడు. ఆ 'రైతు' ఏకవచనం మనకి తెలియకుండానే పుంలింగంలోకి జారిపోతుంది. అంటే బొమ్మ ఆమెది, క్రియ సంస్థది, పంట అతనిది. ఆమెకి మిగిలింది నవ్వు.

ఆమె పనిని వాక్యంలోకి తీసుకొస్తే కథ మారుతుంది. అరబికా కాపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఒక గుత్తిలో పండ్లన్నీ ఒకేసారి పండవు. శ్రేష్ఠమైన కాఫీ కావాలంటే బాగా ఎర్రబడినవే ఏరి కొయ్యాలి. ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. దాదాపు ఆరు కిలోల పండ్లు కోస్తే గానీ ఒక కిలో గింజ రాదు. పారిస్‌లో రుచి చూసేవాళ్ళు మెచ్చుకునే ఆ 'నాణ్యత' అనేది నిజానికి చలికాలం మంచులో కొండవాలు మీద అన్నిసార్లు తిరిగిన కాళ్ళు. కాఫీని ఇంటి దగ్గరే శుద్ధి చేసే చోట తొక్క తియ్యాలి, నానబెట్టాలి, కడగాలి, ఎండబెట్టాలి. కడగడానికి నీళ్ళు కావాలి. కొండ ఊళ్ళో ఊటగెడ్డ నుంచి నీళ్ళు ఎవరు మోస్తారో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కర్లేదు. సహకార సంఘం పచ్చి పండ్లనే కొని ఒకచోట శుద్ధి చేసినప్పుడు ఆమెకి ఆ మోత తప్పుతుంది. అది నిజంగా మేలు. కానీ ఆ మేలును ఎవరూ ప్రచారం చెయ్యరు. ఆ మోతని ఎవరూ ముందు పనిగా లెక్కపెట్టలేదు కాబట్టి.

పర్యావరణం సంగతీ ఇలాంటిదే. చెట్ల నీడలో కాఫీ, చెట్లకి పాకిన మిరియాల తీగ. చూడ్డానికి అడవిలాగే ఉంటుంది. ఎండకి తెరిచిన తోటలకన్నా నేలకీ పిట్టలకీ మంచిదే. కానీ నీడ కోసం ఎక్కువగా వేసిన సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. దానికి పండు లేదు. ఏ ఆడమనిషీ దాని కింద ఏరుకొచ్చి కూర వండదు. కాఫీ రాకముందు ఆ కొండ మీది పోడులో సామలు, చోళ్ళు, కందులు కలిసి పండేవి. ఏ విత్తనం దాచాలి, ఏది ఎప్పుడు చల్లాలి అన్న నిర్ణయంలో ఆమె మాట నడిచేది. గింజ ఇంటికొచ్చాక ఆమె గాదెలో ఉండేది. కాఫీ ఇంట్లో వండుకునేది కాదు. ఏడాదికోసారి డబ్బై వస్తుంది. డబ్బు వచ్చే దారిలో పట్టా ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, వారపు సంత ఉంటుంది. గాదె మీద ఉన్న అధికారం వాటిమీద ఆమెకి దానంతటదే రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్త్రీకీ ప్రకృతికీ సహజమైన బంధం ఉందని, పోడు కాలం ఆదివాసీ స్త్రీకి స్వర్ణయుగమని అనేస్తే మనమూ ఇంకో రకం పొట్లం బొమ్మ గీసినవాళ్ళమవుతాం. వందనా శివ 'స్టేయింగ్ అలైవ్' 1988లో వచ్చాక బీనా అగర్వాల్ 1992లో లేవనెత్తిన అభ్యంతరం ఇదే. అడవితో స్త్రీ సంబంధం స్వభావం వల్ల వచ్చింది కాదు, పని వల్ల, ఆస్తి మీద హక్కు ఉండటం లేకపోవడం వల్ల వచ్చిందని ఆమె వాదన. 1994 నాటి 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్'లో దాన్నే భూమి ప్రశ్నగా విస్తరించింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల పేరున ఉన్న సాగు కమతాలు సుమారు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా మెరుగే గానీ సగానికి చాలా దూరం. సేంద్రియ ధ్రువపత్రమైనా, సంఘం సభ్యత్వమైనా, పురుగు పడితే వచ్చే పరిహారమైనా కాగితం మీద పేరు చూసే వస్తుంది. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు బయటపడి, పట్టిన తోటల్లో కాయ దులిపి నాశనం చెయ్యాల్సి వచ్చినప్పుడు కాగితం విలువ అందరికీ మరోసారి తెలిసింది.

చిత్రమేమిటంటే ఈ విషయంలో చట్టం పొట్లం కన్నా ముందుంది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పెళ్ళయినవాళ్ళకి ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. ఒంటరి స్త్రీకి ఆమె పేరు మీదే ఇవ్వాలి. చట్టం భూమికి ఇచ్చిన ఈ ఉమ్మడి పేరుని, మంచి పేరు కోసం తపించే కాఫీ వ్యాపారం తన సభ్యత్వ పుస్తకానికి, చెల్లింపుల ఖాతాకి ఒక నియమంగా ఎందుకు పెట్టుకోకూడదు? సేంద్రియ ఎరువు గురించి పెట్టిన నియమాలన్ని ఇందులోనూ ఉండొచ్చు కదా?

దానం దగ్గరికి వద్దాం. 1996లో ఆనంద్ మహీంద్రా ప్రారంభించిన 'నన్హీ కలి' ఆడపిల్లల చదువు కార్యక్రమాన్ని 2005 నుంచి నాంది కలిసి నడుపుతోంది. ఏజెన్సీలో ఒక ఆడపిల్ల పదో తరగతి దాకా నిలబడటం ఎంత కష్టమో తెలిసినవాళ్ళెవరూ దాన్ని చులకన చెయ్యరు. కానీ కాఫీ ధర వేరు, దానం వేరు. ధర ఆమె హక్కు. దానం ఇచ్చేవాళ్ళ ఇష్టం. తల్లి కోతకి రావాల్సిన విలువ పూర్తిగా ఆమె చేతికొస్తే కూతురి చదువు తల్లి నిర్ణయం అవుతుంది. అది దానంగా వస్తే కూతురు కృతజ్ఞత చెప్పుకునే మనిషి అవుతుంది. చెట్ల విషయంలోనూ అంతే. యూరప్ కంపెనీల కార్బన్ నిధితో అరకు కొండల్లో లక్షల మొక్కలు నాటారు. పండు రైతుదే, మంచిదే. ఆ చెట్లు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు లెక్క మాత్రం ఆ కంపెనీల ఖాతాలో జమ అవుతుంది. మొక్కకి నీళ్ళు పోసిన పనికి ఏ ఖాతాలోనూ పద్దు లేదు.

ఇంతకన్నా పెద్ద మౌనం ఇంకోటి ఉంది. పొట్లం మీది కొండ ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుంది. మంచు, పచ్చదనం, నవ్వు. ఆ కొండల కిందే బాక్సైట్ ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పిన 1997 నాటి సమత తీర్పు పుట్టింది అరకు పక్కనున్న అనంతగిరి మండలం గొడవలోంచే. అయినా 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది. ఆదివాసీల వ్యతిరేకతతో 2019లో రద్దయింది. కాఫీ తోట బతికి ఉండటానికి ఏ సేంద్రియ ముద్ర కన్నా ఆ ఆందోళనలే పెద్ద కారణం. వాటిలో స్త్రీలు ముందు నిలబడ్డారు. పర్యావరణహిత కాఫీ కథలో వాళ్ళు లేరు. సంచీ పట్టుకుని నవ్వే స్త్రీకి చోటుంది గానీ 'కొండ ఇవ్వం' అన్న స్త్రీకి చోటు లేదు.

వాకపల్లి కూడా పాడేరు ఏజెన్సీలోదే. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ మొదలవడానికే పదేళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలనీ అదే తీర్పు చెప్పింది. వాకపల్లి గురించి కాఫీ పొట్లం మీద రాయమని ఎవరూ అడగరు. కానీ ఆ పదహారేళ్ళలోనే అరకు కాఫీ పారిస్ చేరింది. ఒకే కొండల నుంచి ఒక కథ పతకాలు తెచ్చుకుంటే, ఇంకో కథ కోర్టు మెట్ల మీద కూర్చుంది. ముల్తాతులి ఎంత దొర అయినా, కాఫీ కథలో అదిండా శవాన్ని దాచలేదు. నేటి మంచి కాఫీ కథకులకి ఆపాటి ధైర్యం కూడా లేదు.

ఇంతకీ ముద్రలు ఎంతవరకు కాపాడతాయి? 'ఫెయిర్‌ట్రేడ్' పద్ధతిలో శుద్ధి చేసిన అరబికాకు 2023లో పెట్టిన కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు, సంఘానికి అదనంగా 20 సెంట్లు. మార్కెట్ కుప్పకూలినప్పుడు అది ఆసరా. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కోటాలు కూలిపోయాక రైతులు పడ్డ అవస్థ చూస్తే ఆ ఆసరా విలువ తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ ధరే 4 డాలర్లు దాటింది. అప్పుడా కనీస ధరతో పనిలేదు. పైగా ముద్ర ఉన్న పంటకే నీతి, లేనిదానికి లేదు. మా జిల్లా మిరపనే చూడండి. ఏటా కోత కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీ స్త్రీలు, పిల్లలు గోదావరి దాటి మిరప చేలకి వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు ఒకప్పటి మన భద్రాచలం డివిజన్‌లోని పేరూరు వైపు మిరప ఏరుతున్న పన్నెండేళ్ళ పిల్ల బీజాపూర్‌లోని ఇంటికి నడుస్తూ దారిలో చనిపోయింది. ఆ మిరపకి ఏ ముద్రా లేదు. నీతిగల కాఫీ తాగుతూ ఆ కారం తిన్నాం, తింటున్నాం.

అలాగని కొనడం మానెయ్యమని కాదు. మానేస్తే షావుకారు తిరిగొస్తాడు. స్త్రీలే కర్తలైన ఉదాహరణలు లేకపోలేదు. 2003లో ఉత్తర పెరూలో 464 మంది స్త్రీ రైతులు తమ కాఫీని మగవాళ్ళ కాఫీ నుంచి వేరుచేసి తమ పేరుతోనే అమ్ముకోవాలని నిర్ణయించుకున్నారు. 'కఫే ఫెమెనినో' అలా పుట్టింది. అక్కడ గింజ రుచి మారలేదు. డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది మారింది. అంత దూరం ఎందుకు, జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు చిరుధాన్యాల విత్తనాల్ని తమ ఇళ్ళల్లోనే నిలిపి ఉంచారు. పంట సేంద్రియమా కాదా అన్నది బయటి కంపెనీ కాకుండా తోటి రైతులే పరిశీలించి చెప్పే పద్ధతిని నడిపారు. కెమెరా పట్టి తమ సినిమాలు తామే తీసుకున్నారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ నాకు విలువైనదిగా కనిపించింది బహుమతి కన్నా ఆ కెమెరా. తమ బొమ్మ తామే తీసుకున్న స్త్రీల ముఖాల్లో ఎప్పుడూ నవ్వే ఉండాలన్న నియమం లేదు.

కాబట్టి కాఫీ పొట్లాన్ని చదివేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు సూటిగానే ఉన్నాయి. పట్టా ఎవరి పేరున ఉంది? సంఘం పుస్తకంలో భార్య సభ్యురాలా, సభ్యుడి భార్యా? ధర నిర్ణయించే సమావేశంలో ఆమె కూర్చుందా, కూర్చుంటే ఆమె భాషలో మాట్లాడారా? డబ్బు ఏ ఖాతాలో పడింది? ఈ ఏడు కాఫీ వద్దు, చోళ్ళు వేస్తానని ఆమె అంటే సంస్థ ఏమంటుంది? బొమ్మ తియ్యడానికి ఆమె ఒప్పుకుందా? సేంద్రియ ముద్ర కోసం మట్టిని పరీక్షిస్తున్నాం, ఆకుని పరీక్షిస్తున్నాం, రుచిని నూటికి ఇన్ని మార్కులని వేస్తున్నాం. ఈ ప్రశ్నలకి మార్కులు వెయ్యడం అంతకన్నా కష్టమేమీ కాదు.

రచయిత్రులుగా మనకింకో పని కూడా ఉంది. కథల్లో, కవితల్లో ఆదివాసీ స్త్రీని మనం ఎలా రాస్తున్నాం? కొండ, వెన్నెల, థింసా, అమాయకమైన నవ్వు. పొట్లం మీది బొమ్మకి రంగులు మన దగ్గర నుంచి కూడా వెళ్ళాయి. మైదానపు సాహిత్యం తయారుచేసి పెట్టిన ఆ బొమ్మనే వ్యాపారం తీసుకుని వాడుకుంది. ఆమె తన భాషలో, తన లెక్కలో రాసుకుంటున్నవి మన దాకా రావాలంటే మన పత్రికల్లో చోటు ఖాళీ చెయ్యాలి. అదిండా ఏమీ రాయలేదని అనుకున్నాం గానీ, రోలు మీద నెలనెలా గీతలు ఉన్నాయి. చదవడం రానిది మనకే.